డెబ్బై కిలోలు తక్కువ

పన్నెండేళ్ళుగా ఈ కాటా గదిలో కూర్చుంటున్నాను.
కాన్వెంట్ జంక్షన్ దాటి, రైలు పట్టాల అవతల,
గోడల రంగేదో నాకే గుర్తులేని గది.
ఏ సున్నం కొట్టినా ఆరు నెలల్లో
బొగ్గు తన రంగు తనే వేసుకుంటుంది.

లారీ ఎక్కుతుంది. అంకెలు కాసేపు తడబడి
నిలబడతాయి. మీట నొక్కుతాను.
నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే సరుకు.
పని ఇంతే.
"చీటీలు చింపడానికి డిగ్రీ ఎందుకొదినా?" అంటుంది మా ఆడపడుచు.
నిజమే గానీ, ఆలోచించుకోడానికి ఇంత తీరిక దొరికే ఉద్యోగం
ఈ ఊళ్ళో ఇంకెక్కడుంది, లైట్‌హౌస్‌లో తప్ప?

ఓడొకటి వచ్చి రేవులో చేరితే
సముద్రం ఎంత పైకి లేస్తుంది?
వెంట్రుక మందంలో ఎన్నో వంతు?
లెక్క వేశాను, కాల్క్యులేటర్‌లో సున్నాలు చాల్లేదు.
సూపర్‌వైజర్ సింహాద్రప్పడిని అడిగితే
"నైట్ షిఫ్టు మీకు పడ్డం లేదు మేడమ్" అన్నాడు.

హాబీలేంటని ఇంటర్వ్యూలో అడిగారు అప్పట్లో.
పుస్తకాలు చదవడం అన్నాను, అందరిలాగే.
అసలుది తర్వాత పట్టుకుంది:
ఓడల వెనక రాసుండే ఊళ్ళ పేర్లు.
రెండొందల పేజీల నోటుబుక్కు, పెన్సిలు,
మావగారి పాత బైనాక్యులర్,
ఆదివారం పొద్దున్నే కోస్టల్ బ్యాటరీ దగ్గర గట్టు.
మన్రోవియా. వాలెట్టా. పనామా. మజూరో.
మజూరో ఎక్కడో వెతికాను:
నీళ్ళకి మనిషెత్తు పైన మాత్రమే నేల,
పెద్ద అలొస్తే గుమ్మాలు తడిసే ఊరు.
ఇన్నిన్ని ఓడలకి అది సొంతూరట,
ఎన్నో ఓడలు దాని మొహమైనా చూసుండవు.
నవ్వొచ్చింది. ఆనక మా రేషన్ కార్డు గుర్తొచ్చింది.
అందులో మాదింకా బొబ్బిలి పక్క పల్లె,
నేనొక్క రాత్రి కూడా నిద్ర చేయని చోటు.

ఎక్కడో జలసంధి మూసేశారని
టీవీలో నలుగురు అరుస్తారు.
నాకా అరుపులు అక్కర్లేదు.
లారీల వరస అప్పలకొండ టీ కొట్టు దాకా ఉంటే లోకం బాగున్నట్టు,
గేటు దగ్గరే తెగిపోతే ఎక్కడో కాల్పులు.
ఎరువుల ఓడ పందొమ్మిది రోజులు ఆలస్యమైన ఏడు
అప్పలకొండ టీ గ్లాసు చిన్నదైంది, ధర మాత్రం కదల్లేదు.
"యుద్దం ఎవులది బావూ?" అని ఎవరో డ్రైవర్ని అడిగింది,
జవాబు కోసం కాదు, పాలు పొంగకుండా చూసుకుంటూ.

నిన్న రాత్రి దండాసి లారీ
యార్డు చీటీ కన్నా డెబ్బై కిలోలు తక్కువొచ్చింది.
మూడుసార్లు తూచాను.
సింహాద్రప్పడు టార్చితో చుట్టూ తిరిగి
టార్పాలిన్ ఎత్తి చూసి, దొంగతనం అన్నాడు.
అప్పుడు కిటికీలోంచి చూశాను,
దండాసి కాటా పక్కన గొంతుక్కూర్చుని
ఇంటికి ఫోన్ చేస్తున్నాడు, పాపకి జ్వరం తగ్గిందా అని.
ఎక్కవయ్యా అన్నాను. ఎక్కాడు.
అంకెలు తడబడి, సరిపోయాయి.

వచ్చేప్పుడూ ఉన్నాడు, వెళ్ళేప్పుడూ ఉన్నాడు,
అందుకని కొట్టివేతలో పోయాడు ఇన్నాళ్ళూ.
దిగితేనే కనిపించాడు,
అదీ తగ్గిన బొగ్గులాగా.

దీని మీద ఏదో పెద్ద మాట చెప్పొచ్చు.
టీవీలో వాళ్ళయితే చెప్పేసేవాళ్ళే.
నేను చీటీ చింపిచ్చి, జ్వరం ఎంతన్నాను.
నూటొకటి అన్నాడు.

తెల్లారి ఇంటికొచ్చి
బాల్కనీలో ఆరేసిన తెల్ల చీర దులిపాను.
నల్లటి పొడి, వేలితో రాస్తే మెత్తగా.
ఒక చీర మీద ఇంత.
జ్ఞానాపురం డాబాలన్నిటి మీద, రోజుకి,
ఎన్ని కిలోలుంటుందో?
ఎవరి చీటీలో తగ్గుతుందో ఇది?